తూర్పు మెట్ల తీర్పు

కుట్టుపిన్ని గదికి పైకప్పంటూ వేరే లేదు. ఫుట్‌బాల్ గ్రౌండులో తూర్పు వైపు జనం కూర్చునే మెట్లు ఉంటాయి చూశారూ, వాటి అడుగున మిగిలిన ఖాళీయే ఆమె కొట్టు. అందుకని గది కప్పు కూడా మెట్లు మెట్లుగా దిగుతూ వచ్చి, సరిగ్గా కుట్టుమిషను దగ్గరికొచ్చేసరికి నెత్తికి తగులుతుంది. ముప్ఫై ఏళ్ళు అక్కడే కూర్చోవడంతో ఆమెకి మెడ కాస్త వంచి ఉంచడం అలవాటైపోయింది. రోడ్డు మీద నడుస్తున్నా అంతే.

పొద్దున్నే తలుపు తీసి, మిషనుకి రెండు చుక్కలు నూనె పోసి, ఆటగాళ్ళ చొక్కాల మీద ఊడిన నంబర్లు కుట్టడంతో ఆమె రోజు మొదలవుతుంది. చిరిగిన నెట్లు, గోల్‌కీపరు చేతి తొడుగులు, మోకాళ్ళ దాకా చిరిగిన నిక్కర్లు, ఏదొచ్చినా కాదనదు. ఆట ఉన్న రోజున ఆమె ఆట చూడదు. చూడక్కర్లేదు కూడా. నెత్తి మీద నాలుగు వేల మంది గంతులు వేస్తుంటే సున్నం పొడి రాలుతుంది. బాగా రాలిందంటే మనవాళ్ళు గోలు కొట్టినట్టు, అసలు రాలకపోతే తిన్నట్టు. ఈ కథ మొదలయ్యేనాటికి రెండేళ్ళుగా మిషను మీద దుమ్ము తుడవాల్సిన పనే పడలేదంటే జట్టు సంగతి మీకే తెలుస్తుంది.

ఇవన్నీ రోజు గడిచే పనులు. అసలు పని ఏడాదికి ఒక్కసారే. సీజను ఆఖరి ఆట రోజున తూర్పు మెట్ల వాళ్ళు క్లబ్బు ఓనరు మీద తీర్పు చెబుతారు. తీర్పంటే పేజీలకి పేజీలు కాదు, ఒక మాటో, రెండు మాటలో. దాన్ని కుట్టుపిన్ని ముప్ఫై గజాల తెల్ల బట్ట మీద నల్ల బట్ట అక్షరాలతో కుడుతుంది. జనం దాన్ని తలల మీదుగా ఈ చివర్నుంచి ఆ చివరికి పరిచి, మూడుసార్లు గట్టిగా చదువుతారు. మూడో అరుపులో ఆఖరి శబ్దం చల్లారేసరికి, అలా పలికిన మాట ఓనరుకి అంటుకుంటుంది. ఓనరు ఎక్కడున్నా సరే, దానికి దారి చెప్పక్కర్లేదు. మళ్ళీ ఆ మనిషి మీదే ఇంకో మాట కుడితే తప్ప ఊడదు.

పేరు రాయరు. "ఓనరు" అనే మూడక్షరాలు పిన్ని అత్తగారు ఎప్పుడో కుట్టినవి, వాటిని ఎవరూ కదపరు. ఆ గడియకి క్లబ్బు ఎవరి పేరున ఉంటే మాట వాళ్ళకి తగులుతుంది. పక్కన పెట్టే మాటే ఏటికేడూ మారుతుంది. ఆ మాట తర్వాత ఒక గజం బట్ట ఖాళీగా వదలడం కూడా అత్తగారు పెట్టిన అలవాటే. "చివర కాస్త చోటుంచవే కోడలా. జనం బుద్ధి ఎప్పుడెలా మారుతుందో ఎవరు చూడొచ్చారు" అనేది ఆవిడ.

చిక్కల్లా ఒక్కటే. బట్టకి నుడికారం తెలీదు. ఏం కుడితే అది చేసేస్తుంది.

మొదటి ఓనరు, అంటే గ్రౌండు కట్టించిన మిల్లాయన, మంచి మనిషని ఇప్పటికీ అందరూ ఒప్పుకుంటారు. గెలిచినా ఓడినా మెట్ల మీదికొచ్చి జనం మధ్యే కూర్చునేవాడు. అందుకని, క్లబ్బు కొడుకు చేతికిచ్చే ఏడు, ముచ్చటపడి "చల్లగా ఉండాలి" అని కుట్టించారు. ఆ సాయంత్రం నుంచి ఆయన ఒళ్ళు కుండలో నీళ్ళలా చల్లబడిపోయింది. మండుటెండలో ఆట మధ్యలో ఆటగాళ్ళు వరసకట్టి మరీ ఆయన చేతులు తీసుకుని మొహాలకి ఆనించుకునేవాళ్ళు. ఆయన మాత్రం తొంభై ఏడో ఏట పోయేదాకా వేసవిలో కూడా రెండు స్వెట్టర్లు వేసుకుని గజగజ వణికాడు పాపం.

ఆ తర్వాత ఆయన కొడుకు. మంచి ఆటగాళ్ళందర్నీ వదిలేసుకుని, జట్టు అడుగుకి జారాక "ఇక నా వల్ల కాదు" అన్నాడు. జనం మండిపడి "చేతులెత్తేశాడు" అని కుట్టించారు. ఆ క్షణాన పైకి లేచిన చేతులు మళ్ళీ దిగలేదు. గుమ్మాల దగ్గర నడుం వంచి వెళ్ళేవాడు, అన్నం భార్య తినిపించేది. క్లబ్బు అమ్మేసి ఊరొదిలి పోతూ రైలెక్కుతుంటే, ప్లాట్‌ఫారం మీద చిన్నపిల్లలు టాటా చెబుతున్నాడనుకుని తిరిగి చేతులూపారట.

మూడో ఆయన్ని "కప్పు తేవాలి" అని అడిగారు. వారం తిరక్కుండా మూడు లారీల రేకులు తెచ్చి పడమటి మెట్ల మీద కప్పు వేయించాడు. "మేమడిగింది వెండి కప్పయ్యా మహానుభావా!" అని జనం నెత్తి బాదుకుంటే, ఆ మనిషి కూడా అయోమయంగా రేకుల వంక చూసి, "నాకేం తెలుసు, నా కాళ్ళు రేకుల కొట్టుకే వెళ్ళాయి" అన్నాడు. అతనికి రేకులాయన అనే పేరు అలా ఖాయమైంది.

నాలుగో ఆయన అద్దాలాయన. కారుకి నల్లద్దాలు. తూర్పు మెట్ల మీద, ఆఖరి మెట్టుకి పైన, తనొక్కడి కోసం అద్దాల గది కట్టించుకున్నాడు. అది ఎటు చూసినా లోపలి మనిషి బయటికి కనపడని అద్దం. రెండేళ్ళయినా జనం ఆయన మొహం సరిగ్గా చూసింది లేదు.

చూసిన ఒకే ఒక్క మనిషి కుట్టుపిన్ని కూతురు, ఎందుకంటే ఆ కారు తోలేది ఆమే. పసిపిల్లగా ఉన్నప్పుడు కుట్టుమిషను చక్రం పట్టుకుని బుర్రుమని తిప్పి రోజుకి పదిసార్లు దారం తెంపేది. అప్పుడే మెట్ల వాళ్ళు స్టీరింగని పేరు పెట్టేశారు. ఇంట్లో గంటసేపు కుదురుగా కూర్చోలేదు గానీ, చేతికి కారు ఇస్తే మొహంలో ఒక శాంతి వస్తుంది. తండ్రి లేని పిల్ల, తను కోరుకున్న పనిలో తన కాళ్ళ మీద తను నిలబడింది. పిన్నికి అంతకన్నా ఇంకేం కావాలి!

ఆ ఏడు సీజను చివర్లో పిడుగులాంటి కబురొచ్చింది. అద్దాలాయన గ్రౌండు మూసేసి, క్లబ్బుని వేరే ఊరికి తీసుకుపోతున్నాడు. చొక్కాల రంగు కూడా మారుస్తాడట.

తీర్పు మాట తేల్చడానికి ఎప్పట్లాగే ఇద్దరు పెద్దమనుషులు పిన్ని కొట్టుకొచ్చారు. ఒకాయన లెక్కల మాస్టారు. రెండో ఆయన కండక్టరు. బస్సు దిగి పదేళ్ళయినా మెళ్ళో విజిలు తీయలేదు. మెట్ల మీద అరుపు మొదలవ్వాలన్నా ఆగాలన్నా ఆ విజిలే మోగాలి. పిన్ని కన్నా పదిహేనేళ్ళు పెద్ద, అయినా ఊరందరితోపాటు అతనికీ ఆమె పిన్నే.

"ఈసారి మెత్తటి మాటలొద్దు పిన్నీ," అన్నాడు కండక్టరు. "'మట్టికొట్టుకుపోవాలి' అని కుట్టెయ్. పీడా విరగడైపోతుంది."

పిన్ని చేతిలో కత్తెర ఆగిపోయింది. "ఆయన మట్టికొట్టుకుపోయేటప్పుడు కార్లో ఉంటే? ముందు సీట్లో ఉండేది నా పిల్ల అన్నయ్యా."

"పోనీ 'మునిగిపోవాలి' అందాం."

"కారుతో సహా వంతెన మీద నుంచా?"

స్టీరింగంటే కండక్టరుకీ ప్రాణమే. చిన్నప్పుడు బస్సులో ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఊరంతా తిప్పినవాడు.

మాస్టారు జేబులోంచి కాగితం తీశాడు. ఆయన ఏ మాటనైనా లెక్కలాగే చేస్తాడు. ఎన్ని అర్థాల్లోకి పోతుందో రాసి, ఒక్కోదాన్నీ కొట్టేస్తాడు. "'దిగిపో' అంటే ఎలా ఉంటుందమ్మా? పదవి దిగుతాడు. కుర్చీ దిగుతాడు. మెట్లు దిగుతాడు. కారు దిగుతాడు. నాలుగింట్లో ఏది జరిగినా మనకి మంచిదే. అమ్మాయికి ఏ ప్రమాదమూ లేదు."

"బస్సు కూడా దిగుతారు మాస్టారూ."

"వాడు బస్సెక్కే రకం కాదు గానీ, సరే, రాస్తున్నా. ఐదు."

పిన్ని అయిదు వేళ్ళూ మడిచి మళ్ళీ లెక్క చూసుకుంది. ఎక్కడా భయం కనిపించలేదు. దిగిపో. ముచ్చటగా మూడక్షరాలు. ఆ రోజే కత్తిరించింది.

ఆఖరి ఆట రోజు మధ్యాహ్నం ఎండ చురచురమంటోంది. పిన్ని నల్ల గొడుగు వేసుకుని మెట్ల చివరకొచ్చింది. చుట్టచుట్టిన బట్ట అప్పటికే అక్కడ పెట్టారు. దాని తాళ్ళు కట్టడానికి కండక్టరు భూమిలో ఇనప మేకు కొడుతున్నాడు. నాలుగు దెబ్బలకి చెమట తుడుచుకుని, "దిగిపోయింది!" అన్నాడు సంబరంగా.

"ఏంటి అన్నయ్యా దిగిపోయింది?"

"మేకు పిన్నీ. నేల మెత్తగా ఉన్నట్టుంది, తలదాకా దిగిపోయింది. ఇంకోటి తేవాలి."

పిన్ని వంగి చూసింది. మేకు లేదు. మూరెడు ఇనుము ఉన్నచోట వేలెడు కన్నం, అంతే. మాస్టారు కాగితం మీద లేని ఆరో అర్థం అది. ఎండలో నిలబడ్డ మనిషికి చలి పుట్టింది. ఎంత చెడ్డవాడైనా బతికున్న మనిషి కదా, నిలబడ్డచోటే అలా నేలలోకి దిగిపోవడమా? మాస్టారికి చెబుదామని అటు తిరిగేసరికి కూతురు ఎదురొచ్చింది. మంచి చొక్కా వేసుకుని, చేతిలో కారు తాళం ఆడిస్తూ నవ్వుతోంది.

"ఇవాళ నన్ను చూస్తే నువ్వు నమ్మవే అమ్మా. అద్దాల గదిలో కూర్చోబోతున్నా."

"మీ సారో?"

"ఊళ్ళో లేరు. పొద్దున్నే రైలెక్కించి వచ్చా. నిన్న ఆఫీసుకి తీసుకెళ్ళి ఏవో కాగితాల మీద సంతకాలు పెట్టించుకున్నారు. 'రెండు రోజులు క్లబ్బు నీ పేరు మీద ఉంటుంది, తర్వాత తిరిగి రాసిద్దువుగాని' అన్నారు. నాతో నవ్వుతూ మాట్లాడటం అదే మొదటిసారి. 'ఈ రెండు రోజులూ నువ్వే ఓనరువి' అన్నారు. కాసేపు దర్జాగా కూర్చుని వస్తా ఉండు."

అద్దాలాయనకి అంతా తెలుసు. మాట తగిలే చోటునుంచి తను తప్పుకుని, తన బదులు ఈమె బిడ్డని నిలబెట్టి పోయాడు. ఆ సంగతి బుర్రకెక్కేసరికి కూతురు మెట్లు రెండేసి చొప్పున ఎక్కిపోయింది.

"అన్నయ్యా, ఆపు! బట్ట విప్పనివ్వకు!" అని కండక్టరు చెయ్యి పట్టుకుంది.

"ఇప్పుడు గుర్తొచ్చిందా పిల్ల ఉద్యోగం!" అని నవ్వి, చెయ్యి విడిపించుకుని, ఇంకో మేకు కోసం వెళ్ళిపోయాడతను. చుట్టూ నాలుగు వేల గొంతులు. ఎవరికి చెబుతుంది, ఎంతమందికని చెబుతుంది?

బట్ట చాపలా చుట్టి ఉంది. చుట్టకి పైన ఉండేది చివరి కొసే. "పో" కనిపిస్తోంది. దాని పక్కన గజం ఖాళీ. అత్తగారి గజం.

పిన్ని గొడుగు మూయలేదు. అలాగే నేల మీద బోర్లించి, నడుముకున్న కత్తెర తీసి, ఊచల మీద నుంచి నల్లబట్ట చీల్చింది. గీత గీసుకోకుండా, కొలవకుండా ఒక్క ఊపున "కు" కత్తిరించింది. మూడు కుట్లు పైన, రెండు కింద, కొమ్ము దగ్గర ఒకటి. సూది వేలిలో గుచ్చుకుంటే పట్టించుకోలేదు. ఆఖరి ముడి నోటితో తెంపుతుండగా విజిలు మోగింది.

జనం సంగతి తెలిసిందేగా, కళ్ళ ముందు ఏది ఉంటే అది చదువుతారు. వారం రోజులుగా "దిగిపో" అని సాధన చేసిన గొంతులు కూడా బట్ట పరుచుకోగానే దాన్నే చదివాయి.

"ఓనరు దిగిపోకు!"

రెండోసారికి కొంతమందికి అనుమానమొచ్చింది. మూడోసారికి కండక్టరు విజిలు ఊదీ ఊదీ మొహం కందిపోయింది గానీ, అరుపు అప్పటికే గ్రౌండు దాటిపోయింది. ఆఖరి "కు" చల్లారింది. కింద కొట్టులో సున్నం పొడి ఒక్క రవ్వ కూడా రాల్లేదు.

కూతురు బతికింది. కానీ దిగలేదు.

ఆట అయ్యాక అద్దాల గదిలోంచి బయటికొచ్చి మొదటి మెట్టు మీద కాలు పెట్టింది. కాలు కింద మెట్టు మీద పడాలి, పైమెట్టు మీదే పడింది. మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే. సాయంత్రందాకా నడుస్తూనే ఉంది. ఒక్క మెట్టు కూడా దిగలేదు. కండక్టరు భుజాల మీద ఎక్కించుకుని దింపబోతే అతనూ అక్కడే నడిచాడు. దింపేస్తే మాత్రం తనొక్కడూ చక్కగా దిగొచ్చాడు. పిన్ని జరిగిందంతా చెప్పాక అతని కోపమంతా నీరైపోయింది. మెట్టు మీదే కూలబడి తల పట్టుకున్నాడు.

మూడో రోజు అద్దాలాయన దిగబడ్డాడు. ఎవరు ఏమన్నా వినిపించుకోకుండా పైకెళ్ళి కాగితాలు ముందు పెట్టాడు. "నీ పని అయిపోయింది. తిరిగి రాసిచ్చెయ్."

ఆమెకేం అభ్యంతరం లేదు, సంతోషంగా పెన్ను తీసుకుంది. ఇంకు దిగలేదు. పెన్నులు మార్చారు, విదిలించారు, ఎండలో పెట్టారు. పదకొండు పెన్నులు చూశారు. ఒక్క చుక్క కూడా పాళీలోకి దిగలేదు. అద్దాలాయన ఆమె వంక, కింద కాపు కాస్తున్న జనం వంక చూశాడు. ఆ దిగడం దిగడం మళ్ళీ ఆ ఊళ్ళో కనిపించలేదు.

అలా స్టీరింగు క్లబ్బుకి ఓనరైంది. చెప్పొద్దూ, అంత మంచి ఓనరు మిల్లాయన తర్వాత లేనే లేదు. ముందు ఆ అద్దాలన్నీ పీకించింది. గ్రౌండు ఎక్కడికీ పోదని పైనుంచే కేకేసి చెప్పింది. మెట్ల మీద ఎవరి మోకాళ్ళు నొప్పో, ఎవరికి ఎండ పడదో ఆమెకి పుట్టినప్పట్నుంచీ తెలుసు. వాళ్ళకి తగ్గ చోటు వాళ్ళకి చూపించింది. పాత కోచ్‌ని ఇంటికి కబురంపి పిలిపించింది. జట్టు గెలవడం మొదలుపెట్టింది. పిన్ని మిషను మీద వేలెడు మందాన సున్నం పేరుకుంది.

పిన్ని రోజుకి రెండుసార్లు క్యారేజీ పట్టుకుని డెబ్భై మెట్లూ ఎక్కేది. కూతురు నవ్వుతూనే తినేది, నవ్వుతూనే జట్టు కబుర్లు చెప్పేది. కానీ చూపు గేటు దగ్గరే ఉండేది. అక్కడ కారుంది. దాన్ని కండక్టరు రోజూ తుడిచి, ఇంజను ఓసారి ఆడించి, టైర్లలో గాలి చూసి పోతాడు. ఆ ఇంజను చప్పుడు వినపడగానే ఆమె చేతులు ఒళ్ళో చక్రం తిప్పుతున్నట్టు కదిలేవి. తను కదులుతున్నట్టు ఆ చేతులకే తెలీదు.

"అమ్మా, పాత వంతెన అవతల రోడ్డు వేస్తున్నారట కదా. పూర్తయిందా?"

"అయింది తల్లీ."

"మలుపు దగ్గర ఎలా ఉంది?"

పిన్నికి ఏం తెలుసు మలుపు సంగతి! గిన్నెలు సర్దుకుని కిందికొచ్చి, మెట్ల కింద కూర్చుని కుళ్ళి కుళ్ళి ఏడ్చేది. ఒక్క అక్షరంతో బిడ్డ ప్రాణం కాపాడుకుంది, ఆ అక్షరంతోనే కాళ్ళు కట్టేసింది. మళ్ళీ సీజను చివర వస్తుంది, అప్పుడు "దిగిరా" అని కుడతాను, అంతే చాలు. ఏడాది పొడుగునా కనపడ్డ ప్రతివాళ్ళకీ అదే చెప్పుకుంది. అందరూ "అలాగే పిన్నీ, అంతకన్నానా" అన్నారు.

సీజను చివరకొచ్చింది. ఈసారి పెద్దమనుషులిద్దరూ కొట్టులోకి రాగానే కూర్చోలేదు. మాస్టారి చేతిలో కాగితం మడిచే ఉంది.

"'దిగిరా'కి ఎన్ని అర్థాలో చూశారా మాస్టారూ?" అంది పిన్ని ఆత్రంగా.

"చూశానమ్మా. ఒక్కటే. దిగొస్తుంది." ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "దిగొచ్చి కారెక్కుతుంది. అప్పుడు పెన్ను కూడా రాస్తుంది. క్లబ్బు ఇంకో అద్దాలాయన చేతిలో పడుతుంది."

"అయితే?"

"మెట్ల మీద ఒక్కొక్కర్నీ అడిగాం పిన్నీ," అన్నాడు కండక్టరు. "నాలుగు వేల మందిలో ఒక్కరు కాదన్లేదు. 'ఉండిపో' అని కుట్టమన్నారు."

పిన్ని ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూసింది. "నా పిల్ల మీకేం ద్రోహం చేసింది అన్నయ్యా? దాని మీద అంత కోపమా?"

"కోపమా?" అతని కళ్ళ వెంట జలజలా నీళ్ళు కారాయి. "ప్రేమ పిన్నీ!"

కుట్టనంది. కుట్టకపోతే బజారులో ఇంకో దర్జీతో కుట్టిస్తామన్నారు, నెమ్మదిగానే. అప్పుడు బట్ట తన చేతిలో కూడా ఉండదు. పిన్ని మిషను ముందు కూర్చుంది. మాస్టారు ఎదురుగా స్టూలు వేసుకుని ప్రతి కుట్టూ చూశాడు. "ఓనరు ఉండిపో." ఆఖరి అక్షరం అవగానే ఆయనే కత్తెర తీసుకుని, అత్తగారి గజాన్ని అంచు దాకా కత్తిరించేశాడు. "చివర చోటు వద్దమ్మా ఈసారి." వెళ్తూ వెళ్తూ కండక్టరు మూలనున్న నల్ల గొడుగు కూడా చంకలో పెట్టుకున్నాడు. పిన్ని ఆ మధ్యే దానికి కొత్త బట్ట వేసుకుంది.

"వానలేవీ లేవుగా పిన్నీ," అన్నాడు తల దించుకుని.

ఆ ఆఖరి ఆట రోజున కుట్టుపిన్ని ముప్ఫై ఏళ్ళలో మొదటిసారి కొట్టు మూసేసి, ఆట చూసే జనంతోపాటు మెట్లెక్కింది. నట్టనడుమ, కండక్టరు పక్కన నిలబడింది. చేతిలో ఏమీ లేదు. కత్తెర లేదు, సూది కూడా లేదు. తలెత్తి చూస్తే పైన కూతురు రెయిలింగు పట్టుకుని నిలబడి ఉంది. కింద పరుచుకుంటున్న బట్ట మీద మాటేదో ఆమెకే ముందు కనపడుతుంది. చూసింది. చేతులు రెయిలింగు వదిలేశాయి.

విజిలు మోగింది.

"ఓనరు ఉండిపో!"

అరుపు ఆగీ ఆగకముందే నడిమెట్ల నుంచి ఒక్క గొంతు లేచింది. "కు!"

చుట్టూ ఉన్నవాళ్ళు తిరిగి చూశారు. రెండో విజిలు. "ఓనరు ఉండిపో!" "కు!" ఈసారి గొంతు చీలింది. ఎవరో నవ్వారు, ఎవరో "పిన్నీ, ఊరుకో" అన్నారు. నాలుగు వేల గొంతుల ముందు ఒక్క ముసలి గొంతు ఏం లెక్క! మూడో విజిలు మోగింది. నేల అదిరింది. "ఓనరు ఉండిపో!" అని అరిచి జనమంతా ఊపిరి పీల్చుకున్నారు. ఆ పీల్చుకునే కాస్త ఖాళీలో పిన్ని, గుండెల్లో ఉన్న గాలంతా కూడదీసుకుని అరిచింది.

"కు!"

అదే ఆఖరి శబ్దం. కండక్టరు ఇంకోసారి విజిలు నోట్లో పెట్టుకున్నాడు. ఆ శబ్దం చల్లారేలోపు ఇంకో అరుపు లేపితే అయిపోయేది. పిన్ని మొహం చూశాడు. ఊదలేదు.

పైన కూతురు కాలు కదిలింది. మొదటి మెట్టు, రెండో మెట్టు, పదో మెట్టు. దిగుతోంది! పిన్ని రెండు చేతులూ చాచి ఎదురెళ్ళింది. కూతురు ఆ చేతుల్లోకి వచ్చింది, తల్లి బుగ్గకి బుగ్గ ఆనించింది, ఆనిస్తూనే దాటిపోయింది.

"అమ్మా, కాళ్ళు ఆగట్లేదే!"

ఉండిపోకు. బట్టకైతే నుడికారం తెలీదు. ఆ క్షణాన తల్లికీ తట్టలేదు. పిన్ని వెనకాలే పరుగెత్తింది, జనం పరుగెత్తారు. ఆమె గేటు దాటింది, కారెక్కింది. తుడిచి తుడిచి పెట్టిన కారు ఒక్క తిప్పుకి అందుకుంది. మలుపు తిరిగే ముందు కిటికీలోంచి చెయ్యి బయటికొచ్చింది. అది పిలుపో, సెలవో ఎవరికీ తెలీలేదు.

ఇది జరిగి మళ్ళీ ఏడాది కావస్తోంది. ప్రతి ఆదివారం పొద్దున్న ఆ కారు గ్రౌండు వీధిలోకి వస్తుంది. వీలైనంత నెమ్మదిగా వస్తుంది గానీ ఆగదు. పిన్ని క్యారేజీ పట్టుకుని పక్కన పరుగెత్తి కిటికీలోంచి అందిస్తుంది, పాత గిన్నెలు అందుకుంటుంది. అంతా కలిపి ఇరవై అడుగులు. "బాగున్నావా అమ్మా?" "బాగున్నా తల్లీ, నిద్రపోయావా?" ఈ రెండు మాటలకే ఇరవై అడుగులూ అయిపోతాయి. నిద్రెలా పోతుందో, పెట్రోలు ఎక్కడ పోయించుకుంటుందో ఎవరూ అడగరు. మొదట్లో ఆమె మొహం వెలిగిపోతూ ఉండేది. కొత్త రోడ్డు మలుపు బ్రహ్మాండంగా ఉందని కూడా చెప్పింది. ఈమధ్య కళ్ళ కింద నలుపు కనిపిస్తోంది. క్లబ్బు ఇంకా ఆమె పేరునే ఉంది. సంతకం పెట్టాలన్నా కారు ఆగాలి కదా.

నిన్న మాస్టారూ కండక్టరూ కొట్టుకొచ్చి గుమ్మం బయటే నిలబడ్డారు. గొడుగు తిరిగిచ్చారు. మాస్టారు తెల్ల కాగితం మిషను మీద పెట్టి, "ఈసారి మాట నువ్వే చెప్పమ్మా. మేం నోరెత్తం. నువ్వు ఏం కుడితే అదే చదువుతాం" అన్నాడు.

పిన్ని వాళ్ళటు వెళ్ళగానే నల్లబట్టలో రెండక్షరాలు కత్తిరించింది. ఆ, గు. ఆగు. బట్ట మీద పెట్టి గుండుసూదులు గుచ్చింది గానీ, కుట్టు వేయలేదు. ఆఖరి ఆటకి ఇంకా నాలుగు రోజులుంది. ఇవాళ పొద్దున్నే లేచి మాస్టారిలాగే వేళ్ళు మడుస్తూ కూర్చుంది. కారు ఆగుతుంది. కాళ్ళు ఆగుతాయి. తిరుగుడు ఆగుతుంది. నా ఏడుపు ఆగుతుంది. ఐదో వేలు మడవబోయి, మనిషిలో ఆగేవి ఇంకేం ఉన్నాయా అని తడుముకుంటూ ఉంటే, చెయ్యి దానంతటదే వెళ్ళి గుండె మీద ఆగింది. అది టకటకా కొట్టుకుంటోంది.

వీధి చివర హారను మోగింది. ఆదివారం కదా. పిన్ని క్యారేజీ తీసుకుని పరుగెత్తింది.